పెద్దల పండుగలో అవ్వల పేర్లేవీ?

"గోత్రం?"

అయ్యగారు అడిగారు. మా మరిది చెప్పాడు.

"తండ్రి, తాత, ముత్తాత?"

అవీ చెప్పాడు. ఎక్కడా తడబడలేదు.

"తల్లి పేరు? నాయనమ్మ పేరు?"

తల్లి పేరు వెంటనే వచ్చింది. నాయనమ్మ పేరు దగ్గర కాస్త ఆగి, గుర్తు తెచ్చుకుని చెప్పాడు.

"ముత్తవ్వ పేరు?"

మా మరిది వెనక్కి తిరిగి నా వైపు చూశాడు. "నీకేమన్న ఎరుకనా వదినె?" అన్నాడు. చూడండి విడ్డూరం! ఆ ఇంట్లో పుట్టి పెరిగినవాడు ఆయన. నలభై ఏళ్ల కిందట కోడలిగా వచ్చినదాన్ని నేను. ఆ ఇంటి ముత్తవ్వ పేరు నాకు తెలిసుండాలట!

"తెల్వకుంటే గంగమ్మ అనుండ్రి. పొద్దుగాల్నించి అందరు అదే చెప్తున్నరు" అన్నారు అయ్యగారు, చేతిలో పని ఆపకుండానే.

"మాకు గూడ గంగమ్మనే" అన్నాడు వరసలో వెనకున్నాయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి గారెల మూకుడు ముందు కూర్చున్నాక మాత్రం ఆ నవ్వు మీద నాకే కోపమొచ్చింది. ఊరందరి ముత్తవ్వలూ ఒక్క గంగమ్మే ఎట్లా అయ్యారు?

ఇది 2025 సెప్టెంబరు 21, ఆదివారం, పెత్రమాస నాటి మాట. ఊరు జక్రాన్‌పల్లి. డిచ్‌పల్లి దాటి ఆర్మూరు వైపు పోతుంటే 44వ నంబరు జాతీయ రహదారి మీద తగులుతుంది. మా అత్తగారి ఊరు. మేం నిజామాబాద్‌లో స్థిరపడి ఎన్నాళ్లయినా పెత్రమాసకి మాత్రం ఊరికి పోవాల్సిందే. ఆ రోజుల్లో చుట్టూ చేలల్లో పసుపు మోకాలెత్తు ఉంటుంది. అందులోనే అంతర పంటగా వేసిన మక్కలు కోతకొచ్చి ఉంటాయి.

కోస్తా వైపు చదువరులకు ఒక మాట చెప్పాలి. మీరు మహాలయ అమావాస్య అంటారే, దాన్నే మేం పెత్రమాస అంటాం. భాద్రపద బహుళంలో పదిహేను రోజులు పెద్దలవి. చివరిరోజు అమావాస్య. బియ్యం, పప్పు, కూరగాయలు, చింతపండు, ఉప్పు, నెయ్యి, దక్షిణ పళ్లెంలో పెట్టి పెద్దల పేరు మీద అయ్యగారికి ఇస్తారు. దాన్ని 'బియ్యం ఇచ్చుడు' అంటారు. ఇంట్లో గారెలు, బూరెలు, పెద్దలకి ఇష్టమైనవి వండి పెడతారు. మాంసం తినే ఇళ్లలో మాంసం ఉంటుంది, కల్లు కూడా ఉంటుంది. 2024లో పెత్రమాస సరిగ్గా అక్టోబరు 2న వచ్చింది. గాంధీ జయంతికి మాంసం కొట్లు, మందు దుకాణాలు మూస్తారు కదా, పెద్దలకేం పెట్టాలని మా వీధిలో పెద్ద చర్చే జరిగింది. గాంధీగారూ పెద్దాయనే కదా, సర్దుకుందాం అన్నాడొకాయన!

ఆ రోజు సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ. పొద్దున పోయినవాళ్లకి అన్నం పెట్టి, మాపటికి పూలు పేర్చి 'బతుకు అమ్మా' అని ఆడతాం. నలభై ఏళ్లుగా చేస్తున్నా ఈ రెంటికీ ఉన్న సంబంధం నాకెప్పుడూ తట్టలేదు. తట్టడానికి ఎక్కడో మెక్సికో దాకా పోవలసి వచ్చింది.

మా అమ్మాయి డల్లాస్‌లో ఉంటుంది. 2024 చివర్లో నేను దాని దగ్గరకి వెళ్లాను. మావారు పోయి అప్పటికి రెండేళ్లు. "అమ్మా, మెక్సికోలో చనిపోయినవాళ్ల పండుగ చూద్దాం. అమెరికా వీసా ఉంటే వేరే వీసా అక్కర్లేదు. మూడు గంటల్లో వహాకాలో ఉంటాం" అంది. తేదీ చూస్తే అక్టోబరు 31, దీపావళి! "పండుగ పూట శ్మశానానికా? నీకేమైనా మతిపోయిందా?" అన్నాను. "అక్కడా దీపాలే పెడతారమ్మా" అంది. ఆ ఒక్క మాటకి పడిపోయాను.

వహాకా ఊళ్లో దిగగానే నాకు కనిపించింది బంతిపూలు. బుట్టల్లో, బండ్ల మీద, గుమ్మాలకి, మెట్ల మీద... ఎక్కడ చూసినా బంతే. దాని పక్కన ఎర్రగా, మఖ్మల్ గుడ్డలా మెరుస్తూ ఇంకో పువ్వు. దగ్గరికెళ్లి చూస్తే మన కోడిజుట్టు పువ్వు! బతుకమ్మలో సీతజడ అని పేరుస్తామే, అదే. మన గునుగుపూవుకి సొంత చుట్టం. అక్కడి భాషలో దాని పేరుకి అర్థం కూడా కోడిజుట్టేనని మా అమ్మాయి చెప్పింది. పూలమ్మే ఆవిడ ముందు అట్లా నిలబడిపోయాను. దసరా ముందు నిజామాబాద్ గాంధీచౌక్‌కి వచ్చానా అనిపించింది.

బంతి మనదేననుకుంటాం గానీ దాని పుట్టిల్లు మెక్సికోయే. పోర్చుగీసు ఓడల కాలంలో మనకొచ్చిందంటారు. మక్కజొన్న, మిరపకాయ, టమాటా, జామ, సీతాఫలం... ఇవన్నీ ఆ వైపు నుంచి వచ్చినవే. వాళ్ల మక్క రొట్టె తింటుంటే మా అత్త చేసే మక్క గట్క గుర్తొచ్చింది. అంగట్లో చక్కెరతో చేసిన చిన్న చిన్న పుర్రెలు అమ్ముతున్నారు. నుదుటి మీద పేరు రాసి ఇస్తారట. పుర్రెని చూసి ముందు జడుసుకున్నా, ఆ తెల్లటి చక్కెర పోత చూడగానే హోళికి పిల్లల మెడలో వేసే చక్కెర పేర్లు గుర్తొచ్చాయి. మా చిన్నప్పుడు బోధన్ నుంచి మా మేనమామ తెచ్చేవాడు. శక్కర్‌నగర్‌లో ఫ్యాక్టరీ గొట్టం పొగలు కక్కుతుండేది అప్పట్లో. నిజాం కాలం నాటి ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. అదంతా వేరే కథ, ఏడవాలంటే అదొక్కటి చాలు.

మేం దిగిన ఇంటావిడకి అరవై దాటి ఉంటాయి. ఆమె భర్త పోయి ఏడేళ్లట. ముందు గదిలో మెట్లు మెట్లుగా బల్ల పేర్చి, దాని నిండా బంతిపూలు, కొవ్వొత్తులు, సాంబ్రాణి లాంటి ధూపం పెట్టింది. మధ్యలో ఫోటోలు. భర్తది, అత్తది, మామది, తల్లిదండ్రులది, చిన్నప్పుడే పోయిన చెల్లెలిది. ఒక గ్లాసులో నీళ్లు పెట్టింది. దూరం నడిచి వస్తారు కదా, దాహం వేస్తుందట! ఒక చిన్న గిన్నెలో ఉప్పు. రొట్టె, దాని మీద అతికించిన చిన్న మనిషి మొహం. ఎండుమిర్చి, నువ్వులు, చాక్లెట్ కలిపి రుబ్బిన చిక్కటి పులుసు. భర్త ఫోటో ముందు ఒక బీరు సీసా, రెండు సిగరెట్లు. ఇదంతా చూసి నేను నవ్వాపుకోలేకపోయాను. మా ఊళ్లో తాతకి కల్లు సీసా పెట్టినట్టే కదా!

"మీవాళ్లెవరైనా ఉన్నారా?" అని అడిగిందావిడ, మా అమ్మాయి ఫోన్‌లో తర్జుమా పెట్టి. నా పర్సులో మావారి పాస్‌పోర్టు ఫోటో ఒకటుంది. ఇవ్వొచ్చో లేదో తెలియక అట్లాగే పట్టుకుని నిలబడ్డాను. ఆవిడే నా చేతిలోంచి తీసుకుని, తన భర్త పక్కన పెట్టింది. తర్వాత పేరడిగింది.

చెప్పొద్దూ... నాకు నోరు పెగల్లేదు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆయన పేరు నేను పలికింది లేదు. 'ఏమండీ', 'మా సారు', 'పిల్లదాని నాయిన'... ఇట్లానే గడిచింది. రేషన్ కార్డు దగ్గరా, బ్యాంకులో రాయాల్సి వచ్చిన చోటా రాసిచ్చాను తప్ప పలకలేదు. ఆ పరాయి దేశంలో, భాష తెలియని ఇంట్లో, మొదటిసారి ఆయన పేరు గట్టిగా చెప్పాను. ఆవిడ తిరిగి పలికింది. ఒత్తులన్నీ తప్పుగానే పలికింది అనుకోండి. మా అమ్మాయి పక్కకి తిరిగి కళ్లు తుడుచుకుంది.

ఆ రాత్రి ఆవిడే మమ్మల్ని ఊరి పక్కనున్న హోహోకోట్లాన్ శ్మశానానికి తీసుకెళ్లింది. అక్కడ అక్టోబరు 31 రాత్రే జాగారం. లెక్క ప్రకారం నవంబరు 1 పిల్లలుగా పోయినవాళ్లది, 2 పెద్దలది. సమాధి సమాధికీ కొవ్వొత్తులు. దుప్పట్లు పరుచుకుని కుటుంబాలకి కుటుంబాలు కూర్చున్నాయి. తింటున్నారు, తాగుతున్నారు, గిటారు వాయించేవాళ్లని పిలిచి పోయినాయనకి ఇష్టమైన పాట పాడించుకుంటున్నారు. పిల్లలు సమాధుల మధ్యనే నిద్రపోతున్నారు. ఇంటావిడ జడలో బంతిపువ్వు పెట్టుకుని భర్త సమాధి పక్కన చతికిలబడి ఆయనకి కబుర్లు చెప్పడం మొదలుపెట్టింది. మా అమ్మాయి చెవిలో చెప్పింది, "ఇంటి కప్పు కారుతోందని తిడుతోందమ్మా, బతికున్నప్పుడు బాగు చేయించలేదని!"

భర్త పోయిన మనిషి. జడలో పువ్వు. మొహంలో కోపం, నవ్వు రెండూ ఉన్నాయి. ఆ రోజు ఆమెదీ పండుగే. పక్కకి తప్పుకోమన్నవాళ్లు లేరు.

అంతా బంగారమని నేననను. మొహాలకి పుర్రె రంగులు వేసుకున్న పర్యాటకులు సమాధుల మీద అడుగులేసుకుంటూ ఫోటోలు తీస్తుంటే ఒళ్లు మండింది. తర్వాత గుర్తొచ్చింది, నేనూ పర్యాటకురాలినే! జక్రాన్‌పల్లి చెరువు గట్టుకి ఇట్లా బస్సుల్లో వచ్చి, బియ్యం ఇచ్చేటప్పుడు మా మొహాల మీద కెమెరా లైట్లు వేస్తే మాకెట్లా ఉంటుంది? మెక్సికో నగరంలో ఇప్పుడు జరిగే పెద్ద ఊరేగింపయితే 2016లో మొదలైందే. అంతకు ముందేడు వచ్చిన జేమ్స్‌బాండ్ సినిమాలో అట్లాంటి ఊరేగింపు చూపిస్తే, దాన్ని చూసి మొదలుపెట్టారు. 2008లో యునెస్కో ఈ పండుగని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. 2017లో 'కోకో' అనే పిల్లల సినిమా వచ్చి ప్రపంచమంతా తెలిసిపోయింది. ఇక ఆడవాళ్ల చాకిరీ అంటారా, అక్కడా అంతే. ఆ పులుసుకి మిరపకాయలు వేయించీ రుబ్బీ ఆవిడ చేతులు మండిపోతున్నాయి. కొడుకు మాత్రం కుర్చీలో కూర్చుని టీవీ చూస్తున్నాడు. హత్యకి గురైన ఆడవాళ్ల ఫోటోలు పెట్టి న్యాయం కోసం ఊరేగే బృందాలు కూడా ఆ దేశంలో ఉన్నాయి. అంటే ఆడవాళ్లకి అదేం స్వర్గం కాదు.

కానీ ఒక్క సంగతి నన్ను వదల్లేదు. ఆ బల్ల మీద ఎవరి ఫోటో పెట్టాలో, ఎవరి పేరు పలకాలో ఆ ఇంటి ఆడమనిషి నిర్ణయించుకుంది. తల్లివైపు, తండ్రివైపు, పెళ్లికాకుండా పోయిన చెల్లెలు... ఎవరు ఇష్టమైతే వాళ్లు. ఆఖరికి నా భర్త కూడా! పోయినవాళ్లని తలుచుకోవడానికి కొడుకై పుట్టాల్సిన పని లేదక్కడ.

మనకేం తక్కువ, మనకీ ఉన్నాయి ఇలాంటివి అంటారేమో. ఉన్నాయి, నిజమే. కరీంనగర్ కార్ఖానగడ్డలో దళిత కుటుంబాలు దీపావళి నాడు శ్మశానానికే వెళ్లి సమాధులు శుభ్రం చేసి, పూలు పెట్టి, దీపాలు వెలిగించి, పోయినవాళ్లకి ఇష్టమైనవి వడ్డించి అక్కడే పండుగ చేసుకుంటారు. ఏళ్ల తరబడి వస్తున్న ఆనవాయితీ అది. అంత దూరమేం కాకపోయినా నేనెన్నడూ చూడలేదు, మెక్సికో పోయి చూశాను! నిజామాబాద్‌లో, బోధన్‌లో షబేబరాత్ రాత్రి ఖబ్రస్తాన్‌లు దీపాలతో వెలుగుతాయి. క్రైస్తవులు నవంబరు 2న సమాధుల మీద కొవ్వొత్తులు పెడతారు. కోస్తా జిల్లాల్లో సంక్రాంతికి పెద్దలకి బట్టలు పెడతారు. దీపావళి దివిటీలే పెద్దలకి దారి చూపడానికని మన పాత పుస్తకాలు చెబుతాయి. మనకి లేనిది పండుగ కాదు.

మరి లేనిదేమిటి? మళ్లీ జక్రాన్‌పల్లికి రండి చెబుతాను.

మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఒక అమ్మాయి ఉంది. ముప్పై దాటి ఉండవు. భర్త దుబాయి పోయాడు. మా వైపు ప్రతి ఊరి నుంచీ పోతారు గల్ఫ్‌కి. రెండేళ్ల కిందట పెట్టెలో తిరిగొచ్చాడు. ఫోన్‌లో మాట్లాడిన మర్నాడే పోయాడట, పెట్టె రావడానికి మాత్రం వారాలు పట్టింది. గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల కుటుంబాలకి 5 లక్షల రూపాయల సాయం ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వం 2024లో ఉత్తర్వు ఇచ్చింది. ఇలాంటి సాయాల కోసం ఆఫీసుల చుట్టూ తిరగాల్సింది, కాగితాల మీద సంతకాలు పెట్టాల్సింది ఎక్కువగా భార్యలే. ఈ పిల్లా అంతే, మండలాఫీసు నుంచి కలెక్టరాఫీసు దాకా తిరిగింది.

పెత్రమాస నాడు మాత్రం? తెల్లారుజామున లేచి వండింది ఆమె. బియ్యం చెరిగి పళ్లెంలో పోసింది ఆమె. గుమ్మడికాయ కోసింది, కూరగాయలు కడిగింది ఆమె. ఆ పళ్లెం పట్టుకుని పీట మీద కూర్చున్నది ఆరేళ్ల కొడుకు. వాడికి నాన్న మొహం కూడా వీడియో కాల్‌లోదే గుర్తు. అయ్యగారు మంత్రం చెబుతుంటే వాడు దిక్కులు చూస్తున్నాడు. తల్లి గోడ చాటున నిలబడి ఉంది. "నువ్వు పోయి పక్కన కూచో బిడ్డా" అన్నాను. "అత్తమ్మ ఏమంటదో చిన్నమ్మా" అంది. అత్తమ్మ ఏమీ అనలేదు. ఆవిడా విధవే, ఆవిడా ఇంకో గోడ చాటున నిలబడి ఉంది!

ఆచారం సంగతి ఇంకొంచెం లోతుకెళ్తే ఇంకా వింతగా ఉంటుంది. మహాలయ పక్షంలో నవమిని అవిధవా నవమి అంటారు. భర్త బతికుండగా పోయిన ముత్తైదువలకి ఆ రోజు. భర్త పోయాక పోయిన ఆడవాళ్లకో? వాళ్లకంటూ అట్లాంటి రోజు లేదు. పోయాక కూడా భర్త ఉన్నాడా లేడా అన్న లెక్క మనల్ని వదలదన్నమాట. కర్ణుడి కథ మీకు తెలిసిందే. బంగారమంతా దానం చేశాడు గానీ పెద్దలకి అన్నం పెట్టలేదని, పైలోకంలో తినడానికి బంగారమే దొరికిందట. అందుకే పదిహేను రోజులు భూమ్మీదకి వచ్చి అన్నదానం చేసి వెళ్లాడంటారు. ఆ పదిహేను రోజులూ అన్నం ఎవరు వండారో కథలో ఎక్కడా లేదు! గయలో సీతమ్మ ఇసుకతో పిండం పెడితే దశరథుడు చేయి చాచి తీసుకున్నాడన్న కథ కూడా మనదే. మామగారు కోడలి చేతి పిండం తీసుకోగా లేనిది, భర్త భార్య చేతి బియ్యం తీసుకోడా? మీరే చెప్పండి.

అందుకని ఈసారి ధైర్యం చేశాను. మాకు కొడుకుల్లేరు. మూడేళ్లుగా మావారి పేరు మీద బియ్యం ఇస్తున్నది మా మరిదే. ముత్తవ్వ పేరు గంగమ్మ అయిపోయాక, "ఇగ అన్న పేరు" అన్నాడు మరిది. "ఆ పళ్లెం నేనిస్తాను" అన్నాను. అంతా ఒక్కసారి సద్దుమణిగింది. మా యారాలు నా కొంగు పట్టి లాగింది. "అక్కా, మంది చూస్తున్నరు" అంది మెల్లగా. నేను అయ్యగారి మొహం చూశాను. తిడతారనుకున్నాను. ఆయన చెమట తుడుచుకుని, "కొడుకులు లేనప్పుడు భార్యకు అధికారం ఉందమ్మా శాస్త్రంలో. మీరే అడుగరు, మేం చెప్పం. కూచోండి" అన్నారు.

ఇంత సులువా! ఇన్నాళ్లూ అడ్డం ఉన్నది శాస్త్రం కానే కాదు, అడగకపోవడమే అన్నమాట. అయితే నాకు కొడుకులు లేరు గనక సరిపోయింది. కొడుకున్న ఆ గల్ఫ్ పిల్ల సంగతేమిటి అని అడిగితే ఆయన నీళ్లు నమిలారు. అది మనం తేల్చుకోవాల్సిన సంగతి. నా మటుకు నాకు, ఆరేళ్లవాడి చేయి పక్కన తల్లి చేయి కూడా ఆ పళ్లెం మీద ఉంటే ఆకాశమేం విరిగి పడదు.

"భర్త పేరు చెప్పండమ్మా" అన్నారు. చెప్పాను. ఈసారి నోరు తడబడలేదు. అలవాటైంది కదా!

కొందరు అక్కచెల్లెళ్లకి ఇది నచ్చకపోవచ్చు. మొగవాళ్లు చేసే పని ఇదొక్కటే మిగిలింది, అదీ మన నెత్తిన వేసుకోవడం దేనికి అని మా స్నేహితురాలు ఒకామె వాదించింది. వంటంతా ఎలాగూ మనదే, పైగా మంత్రం కూడానా అంది. సబబైన మాటే. నేనేం కాదనను. పళ్లెం మనం పట్టుకుంటే గారెలు వాళ్లు వేయాలని షరతు పెడదాం! మా మరిది ఈసారి గుమ్మడికాయ కోశాడు. సగం సగం ముక్కలుగా, చెక్కు తీయకుండా కోశాడు. కోశాడు కదా, అంతవరకు చాలు.

సాయంత్రం బతుకమ్మ. తంగేడు, గునుగు, సీతజడ, బంతి. పేరుస్తుంటే వహాకా అంగడి కళ్ల ముందు కదిలింది. మా ఊళ్లో ఒక పద్ధతి ఉంది. భర్త పోయిన పెద్దవాళ్లు అరుగు మీద కూర్చుంటారు. పాట ఎత్తుకునేది వాళ్లే. పాటలన్నీ వచ్చిందీ వాళ్లకే. కింద ఆడేవాళ్లు వాళ్ల వెనక అందుకుంటారు. గొంతు కావాలి, చేతులు మాత్రం పువ్వు మీద పడకూడదు. మూడేళ్లుగా నాదీ ఆ అరుగే. ఈసారి దిగాను. నేను దిగానని కాదు గానీ, నా వెనక ఇంకో ముగ్గురు దిగారు. ఆ గల్ఫ్ పిల్ల మాత్రం దిగలేదు. వాళ్ల అత్తమ్మ దిగింది! కోడలు అరుగు మీదినుంచి చూస్తూ ఉండిపోయింది. ఎందుకు దిగలేదో నేనడగలేదు. అందరికీ ఒక్కసారే ధైర్యం రావాలని లేదు కదా.

ఇక ముత్తవ్వ పేరు. ఆ రాత్రే మావారి మేనత్త దగ్గర కూర్చున్నాం, నేనూ యారాలూ. ఎనభై దాటిన మనిషి, జ్ఞాపకం చెక్కు చెదరలేదు. "నీ నాయనమ్మ పేరేందత్తా?" అని అడిగాను.

"మేం ముసలవ్వ అనెటోళ్లం. ఊళ్లె అందరు పడకలామె అందురు" అంది.

పడకల్ నుంచి వచ్చిన కోడలు కాబట్టి పడకలామె. మా వైపు అట్లానే పిలుస్తారు. నన్నూ ఇప్పటికీ కొందరు మా పుట్టింటి ఊరు పేరు పెట్టే పిలుస్తారు.

"అది ఊరు పేరు గదత్తా. ఆమె పేరు?"

"పేరు పెట్టి ఎవలు పిలిచిర్రే ఆమెను?" అని ఎదురడిగింది అత్త. కాసేపాగి తనే చెప్పడం మొదలుపెట్టింది. పొడుగ్గా ఉండేదట. కరువు ఏట ఇంటిల్లిపాదికీ మక్క గట్క ఒండి, తను ఉత్త గంజి తాగేదట. కోపమొస్తే రెండ్రోజులు ఎవరితోనూ మాట్లాడేది కాదట. చుట్ట కాల్చేదట! మామగారు కనబడితే చుట్టని కొంగు కింద దాచేదట, ఒకసారి కొంగు కాలిందట. మా యారాలు నవ్వలేక చచ్చింది. నేను మా అమ్మాయి పాత నోటుబుక్కు తీసి అన్నీ రాసుకున్నాను. పేరు దగ్గర ఖాళీ వదిలాను.

నాలుగో రోజు ఆటోలో పడకల్ పోయాం. పక్క ఊరే. ఆ ఇంటివాళ్లని పట్టుకోవడానికి ఒక పూట పట్టింది. ఇంటి పెద్దాయన ఒక పేరు చెప్పాడు. ఆయన అక్క, కాదు కాదు అది చిన్నామె పేరు, పెద్దామె పేరు వేరే అని ఇంకోటి చెప్పింది. ఇద్దరూ మా ముందే వాదులాడుకున్నారు. రెండు పేర్లూ రాసుకుని వచ్చాం. వచ్చే పెత్రమాసకి రెండూ చెబుతాం, ఆమె ఏ పేరుకి పలికితే ఆ పేరు.

తిరిగొస్తుంటే ఆటోలో మా యారాలు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. జక్రాన్‌పల్లి దగ్గర పడ్డాక నెమ్మదిగా అడిగింది.

"అక్కా, పళ్లెంల పెట్టాలంటే చుట్టలు ఇప్పుడు యాడ దొరుకుతయే?"